రొట్టెలామె, ఏడాది మధ్యలో మారిన కాలేజీ

మొన్న సోమవారం చిలమత్తూరు నుంచి ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని మా కాలేజీకి వచ్చాడు. హిందూపురంలో డిగ్రీ చదువుతున్న పిల్లవాణ్ణి ఏడాది మధ్యలో అనంతపురానికి మార్చాలట. ఆయన మాట పూర్తి చేయకముందే, "అక్కడ ఇంకా దేనిమీదా సంతకం పెట్టలేదు కదా?" అని అడిగాను. నా కంగారు చూసి ఆయన బిత్తరపోయాడు.

"లేదు సార్. ఏమైంది? సీటు లేదా?"

"సీటుంది. కూర్చోండి. ముందు నేను చెప్పేది వినండి."

ఇద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పాను. మొదట యూనివర్సిటీ అనుమతి. అది చేతికొచ్చాక పాత కాలేజీవాళ్లు పిల్లవాడి స్కాలర్‌షిప్‌ను కంప్యూటర్లో మా కాలేజీ పేరుకు పంపించాలి. అది మాకు అందిందని నేను ఫోన్ చేసి చెప్పాక, అప్పుడు మాత్రమే టీసీ తీసుకోవాలి. చెప్పి, తండ్రి చేత ఒకసారి, కొడుకు చేత ఒకసారి తిరిగి చెప్పించుకున్నాను. వాళ్లు వెళ్లాక పక్క టేబుల్ దగ్గరి లెక్చరర్ నవ్వాడు.

"ఆ రొట్టెలామె మిమ్మల్ని ఇంకా వదల్లేదు సార్," అన్నాడు.

నిజమే. వదల్లేదు. వదలాలని నేనూ కోరుకోలేదు.

బుక్కరాయసముద్రం రోడ్డు మీద, వరసగా ఇనుప సామాన్ల దుకాణాలు ఉన్నచోట, ఒక రేకుల పందిరి కింద ఆమె జొన్నరొట్టెలు చేసేది. రెండు మట్టిపొయ్యిలు, రెండు పెనాలు, ఒక చెక్కపీట. రొట్టె తట్టేటప్పుడు ఆమె చేతులు చూస్తే పిండిని కొడుతున్నట్టు ఉండేది కాదు, చంటిబిడ్డను జోకొడుతున్నట్టు ఉండేది. నోరు మాత్రం జోకొట్టేది కాదు. వచ్చినవాళ్లందరికీ ఏదో ఒకటి తగిలించేది. రొట్టె తుంచి వేరుశనగ పచ్చడి నంజుకోకుండా చుట్టచుట్టి కొరికేవాణ్ణి చూసి, "ఏమప్పా, అది బీడీనా? చెనిక్కాయల ఊరుబిండి అంత కష్టపడి నూరింది ఏంటికి, నువ్వు చూసి మురుస్తావనా?" అనేది. ఊరికే ఫోన్ చూస్తూ తినేవాడి పళ్లెంలో రొట్టె తీసేసి, "చూసేది ఐనాక చెప్పు, వేడిది వేస్తా," అనేది. ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఆ మాటల కోసమే కొందరు వచ్చేవారని నా అనుమానం.

ఆమెది యాడికి పక్క పల్లె. ఆ ఏడు వానలు ఎగ్గొట్టి చెనిక్కాయ పంట ఎండిపోయింది. బుక్కరాయసముద్రంలో రొట్టెల కొట్టు నడిపే అక్క మోకాళ్లు పట్టేసి లేవలేకపోయింది. దాంతో ఈమె వచ్చి కొట్టు అందుకుంది. కూతురు తాడిపత్రి వైపు ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. తల్లి ఇక్కడ, పిల్ల అక్కడ ఒంటరిగా ఎందుకని, ఆ పాపను మా కాలేజీకి మార్చాలనుకున్నారు.

ఆమెలో నేను మొదట గమనించిన సంగతి ఒకటుంది. ఎక్కడి నుంచైనా లేచి పోయేటప్పుడు అక్కడ తన బాకీ గాని, తన మురికి గాని మిగలనిచ్చేది కాదు. మా ఆఫీసులో మంచినీళ్లు తాగితే గ్లాసు తనే కడిగి బోర్లించేది. కుర్చీలో కూర్చోదు, గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంటుంది. లేచేటప్పుడు తను కూర్చున్నచోట కొంగుతో ఒకసారి దులిపి వెళ్లేది. ఒకరోజు మా అటెండరు దగ్గర గుండుసూది తీసుకుని మరిచిపోయి, బస్టాండు దాకా పోయి, తిరిగొచ్చి ఇచ్చింది. అటెండరు నవ్వి, "సూది కోసం ఇంత దూరం ఎవరన్నా వస్తారామ్మా?" అన్నాడు.

"నీకు సూది. నాకు రాత్రంతా కుచ్చుకుంటాది," అంది.

ఇక నా సంగతి చెప్పాలి. అప్పట్లో నాకు పాఠాల మీద కన్నా ప్లాట్ల మీద ధ్యాస ఎక్కువ. బుక్కరాయసముద్రం చుట్టూ పొలాలన్నీ రాళ్లు పాతి అమ్ముతున్న రోజులు. నేను కామర్స్ లెక్చరర్ని. ప్రిన్సిపాల్ నాకు స్కాలర్‌షిప్పుల పని కూడా అప్పగించాడు. అది నాకు తలనొప్పి. ఆ సీట్లో కూర్చుని బ్రోకర్లతో ఫోన్లో మాట్లాడేవాణ్ణి.

ఆమె మొదటిసారి పాపతో వచ్చినప్పుడూ ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. తూర్పు ముఖం ప్లాటు గురించి బేరం నడుస్తోంది. చేత్తో ఫోన్ మూసి, "సీటుంది. అక్కడ అన్నీ తీర్చుకుని టీసీ తెచ్చుకోండి," అన్నాను.

"అన్నీ అంటే, ఆ స్కాలర్షిప్పు గూడ తీర్చుకుని రావల్లనా సారూ?" అని అడిగింది.

అవతల బ్రోకరు ఏదో రేటు చెబుతున్నాడు. "ఆ, ఆ, అన్నీ," అన్నాను.

ఆమె ప్రశ్న నా చెవిన పడింది. నా బుర్రలోకి ఎక్కలేదు. తరువాత చాలాకాలం, అసలు ఆ ప్రశ్న అడగనే లేదని నన్ను నేనే నమ్మించుకోవడానికి ప్రయత్నించాను. అడిగింది. నాకు బాగా గుర్తుంది.

పది పన్నెండు రోజులకు టీసీ తెచ్చింది. నేను పాప పేరు కంప్యూటర్లో వెతికితే, 'విద్యార్థి ఇష్టపూర్వకంగా స్కాలర్‌షిప్ వదులుకున్నారు' అని చూపించింది. మా కాలేజీకి బదిలీ కాలేదు, పూర్తిగా రద్దయింది. పైగా అప్పటికి జరిగిన సగం ఏడాదికి ఫీజు, ఆమె ఇంటి దగ్గర మిగిలిన రెండు గొర్రెలను అమ్మి, ఆ కాలేజీకి కట్టేసి వచ్చింది. ఈ ఏడాదికి రద్దయితే మూడో ఏడాదికి కూడా రాదు. అంటే మిగతా చదువంతా వాళ్లే కట్టుకోవాలి. వాళ్ల వల్ల కాదని చూస్తేనే తెలుస్తోంది.

"వద్దని ఎవరు రాసిమ్మన్నారమ్మా?" అన్నాను గట్టిగా.

"నువ్వే గద సారూ చెప్పినావు, అన్నీ తీర్చుకుని రమ్మని."

"నేను అట్లా ఎందుకు చెప్తాను? చదువుకునే పాప పక్కనే ఉంది కదా, ఏం కాగితమో చూసుకోవద్దా?"

పాప తల వంచుకుంది. ఆ తల వంచుకోవడం నాకు ఊరటగా అనిపించింది. తప్పు వాళ్ల వైపుకు జరిగింది కదా అనుకున్నాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

ఆమె నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది.  "ఐతే ఇప్పుడేం చేయల్ల సారూ?" అని మాత్రం అడిగింది.

స్కాలర్‌షిప్పులు చూసే జిల్లా ఆఫీసుకు పొమ్మన్నాను. పోయింది. పొరపాటు ఎక్కడ, ఎట్లా జరిగిందో కాలేజీ నుంచి ఒక లెటర్ రాసి తెస్తే, రద్దును వెనక్కి తీసుకునే వీలుందని వాళ్లు చెప్పారు. అంటే ఆ లెటర్ నేను రాయాలి. రాస్తే, నేను సరిగ్గా చెప్పలేదని నా చేత్తోనే ఒప్పుకున్నట్టు. ప్రిన్సిపాల్ చూస్తాడు. మెమో వస్తుంది. ఆ ఏడు నాకు ప్రమోషన్ వచ్చే అవకాశం ఉంది.

"ప్రిన్సిపాల్ ఊళ్లో లేరమ్మా." "ఈ వారం పరీక్షలమ్మా." "కంప్యూటర్ పనిచేయడం లేదు." ఇట్లాంటివి ఎన్ని చెప్పానో. పొద్దున కొట్టు పని ముగించుకుని ఆమె వచ్చేది. గోడకు ఆనుకుని కూర్చునేది. కూర్చుని ఊరుకోదు. వరసలో ముందుకు దూరే పిల్లలను, "ఏయ్, బస్సు అనుకున్నావా, టవలేసి సీటు పట్టేకి?" అని వెనక్కి పంపేది. మా అటెండరు కునుకు తీస్తుంటే, "పెనం చల్లారిపోతాంది లేయప్పా," అని లేపేది. నన్ను చూసి ఒకసారి, "ఏం సారూ, మొగం మాడిపోయిన రొట్టె మాదిరి పెట్టుకున్నావు? ఇంట్లో తిట్నారా?" అంది. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, లెటర్ మాత్రం రాయలేదు.

ఈలోగా పాప క్లాసుకు ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ముంజేతుల మీద జొన్నపిండి ఆరిపోయి ఉండేది. రెండో పొయ్యి దగ్గర కూర్చుంటోందన్నమాట. తరువాత వారానికి రెండు మూడు రోజులే వచ్చేది. తరువాత అదీ లేదు. హాజరు పట్టికలో ఆ ఖాళీ గడులు నేను చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు ఆమె ఒక్కతే వచ్చింది. చేతిలో పాప ఐడీ కార్డు, లైబ్రరీ పుస్తకాలు. ఉతికిన చీర కట్టుకుంది. పుస్తకాలు నా టేబుల్ మీద పెట్టి, దుమ్ము లేకున్నా కొంగుతో ఒకసారి తుడిచింది.

"పాప ఇంక రాదు సారూ. మా అక్క మోకాళ్లు ఇంక బాగయ్యేవి కాదు. నా కాడ ఇంకో చెయ్యి ఉండల్ల. నువ్వు మా కోసం శాన కష్టపడినావు. నేను ఏమన్నా తప్పు మాట అనింటే మనసులో పెట్టుకోవద్దప్పా. ఈ పొద్దుటికి నీకు మాకు సరి."

దండం పెట్టింది.

అందరి ముందు ఆమె నన్ను తిట్టి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. తిట్టినవాళ్లకు జవాబు చెప్పడం నాకు వచ్చు. నేను ఒక్క అడుగు వేయకపోయినా శాన కష్టపడినావని నా లెక్క కూడా తనే తీర్చేసి, నన్ను విడిచిపెట్టి పోతోంది. ఆ దండం తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు. లేచి నిలబడ్డాను.

"కూర్చోమ్మా. సరి కాలేదు."

"ఏం సారూ?"

"ఆ రోజు నువ్వు స్కాలర్‌షిప్ గురించి అడిగినావు. నేను వినకుండానే ఔనన్నాను. తప్పు నాది. మీ పాపది కాదు, నీది కాదు."

"తెల్సు సారూ."

"తెలుసా?"

"చెవి కాడ ఫోను పెట్టుకోనుంటివి గద. నేనేమన్నా గుడ్డిదాన్నా?"

"మరి ఇన్ని రోజులు ఒక్క మాట అనలేదే!"

"అంటే నువ్వు మొండికేస్తావు. మొండికేసిన ఎద్దును కొడితే ఆడే పండుకుంటాది. దానంతట అదే లేస్తాదేమోనని చూస్తాంటి." ఐడీ కార్డు పుస్తకాల మీద పెట్టి, "శాన పొద్దు పండుకున్నావు సారూ," అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె ముందే లెటర్ రాశాను. ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన చదివి అరిచినంతసేపు అరిచి, సంతకం పెట్టి, రెండు రోజులకు నాకు మెమో ఇచ్చాడు. ప్రమోషన్ ఆ ఏడు రాలేదు. ఆ మెమో ఇప్పటికీ నా సర్వీసు పుస్తకంలో ఉంది. దాన్ని తీయించుకోవచ్చని కొందరు దారి చెప్పారు. నాకు తీయించుకోబుద్ధి కాలేదు.

పాత కాలేజీ నుంచి కూడా ఒక కాగితం కావాల్సి వచ్చింది. ఆమెతో కలిసి తాడిపత్రి బస్సెక్కాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని, దారిపొడవునా ఎండిన చేలను చూస్తూ, ఇది ఫలానా పంట, ఇది అయిపోయింది, ఇది ఇంకో వాన పడితే లేస్తుంది అని ఎవరూ అడక్కుండానే చెబుతూ వచ్చింది. నాకు ఒకటే ప్రశ్న.

"అది సరేనమ్మా, స్కాలర్‌షిప్ వదులుకుంటామని ఎవరన్నా రాసిస్తారా? నేను ఔనన్నా గానీ, నీకు అనుమానం రాలేదా?"

"ఏంటికొస్తాది? అది న్యాయమే గద."

"ఏం న్యాయం?"

అప్పుడు వాళ్ల నాయన గురించి చెప్పింది. ఆయన జీతగాడు, ఉగాది నుంచి ఉగాదికి ఒక ఆసామి దగ్గర ఉండేవాడు. జీతం కింద జొన్నలు ముందే కొంత తెచ్చుకునేవారు.

"ఒగ ఏడు నడిమధ్యలో ఆసామిని మార్చల్సి వచ్చె సారూ. నేను చిన్నపిల్లని. మా నాయన ముందు పశువుల కొట్టం ఊడ్చె. కట్టుతాళ్లు ఇన్ని ఉండాయని లెక్క చెప్పె. ఆసామి ఇచ్చిన కంబడి మడతపెట్టి అరుగు మీద పెట్టె. ఇంక చెయ్యని నెలలకు ముందే తెచ్చుకున్న జొన్నలు మల్లా కొలిచి ఇచ్చె. ఇంట్లో మాకు గింజ లేదు. ఐనా ఇచ్చె. 'నీకు నాకు సరి' అని దండం పెట్టి, అప్పుడు కొత్త ఆసామి ఇంటికి పాయ. ఇద్దరు ఆసాముల కూడు ఒగేపారి తినగూడదు సారూ."

"స్కాలర్‌షిప్ అట్లా కాదమ్మా. ఆసామి కాలేజీ కాదు. ఇచ్చేది ప్రభుత్వం. మీ పాప ఏ కాలేజీలో చదివినా అది పాప వెంట వస్తుంది."

ఆమె చేల మీది నుంచి చూపు నా వైపు తిప్పింది. "అంటే ఆసామి ఒగడే. కొట్టం మారినాది, అంతేనా?"

"అంతే."

"ఈ ముక్క మొదట్నే చెప్పింటే నా గొర్లు ఇంట్లో ఉండు గద సారూ!" అంది. బస్సులో ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నేను తల అవతలి వైపు తిప్పుకున్నాను.

ఆ ముక్క చెప్పడానికి నాకు పట్టేది రెండు నిమిషాలు. ఇన్నేళ్లుగా ఆ సీట్లో కూర్చుని ఎంతమందికి ఆ రెండు నిమిషాలు ఇవ్వలేదో ఆలోచిస్తే, కొందరి ముఖాలు కూడా గుర్తుకు రావు. అది ఇంకా పెద్ద తప్పు.

పాత కాలేజీలో పని తేలిగ్గానే అయింది. వాళ్లు కాగితం ఇచ్చి, స్కాలర్‌షిప్ తిరిగి ఖాయమైతే ఆమె కట్టిన ఫీజు వెనక్కిస్తామన్నారు. మరుసటి రోజు ఇద్దరం జిల్లా ఆఫీసుకు వెళ్లాం. అధికారి లెటర్లు చదివి కళ్లజోడు తీశాడు.

"ఇంతకీ పొరపాటు ఎవరిది?"

"నాదే సార్," అన్నాను.

"కాదు సార్, నాది. నాకు చదువు రాదు," అందామె.

"ఆమె అడిగింది సార్. నేనే సరిగ్గా చెప్పలేదు."

"ఆయప్ప చెప్పకపోతే, ఇంకొకరిని అడగల్సింది గద సార్ నేను. ఏలుముద్ర నేనేసినా. ఆయప్ప వచ్చి నా ఏలు పట్టుకున్యాడా?"

"అమ్మా, నువ్వు ఊరుకో."

"నువ్వూరుకో సారూ. లెటర్లో ఒగసారి రాసినావు, సాలదా? మల్లమల్లా చెప్పుకునేకి అదేమన్నా పెండ్లి కబురా?"

అధికారి గట్టిగా నవ్వాడు. "ఇక్కడికి వచ్చేవాళ్లంతా తప్పు పక్కవాళ్ల మీద వేస్తారు. మీరేందయ్యా, నాదంటే నాదని కొట్లాడుకుంటున్నారు," అన్నాడు. సంతకం పెట్టి, పైకి పంపుతాను, వస్తుందో రాదో నేను మాట ఇవ్వలేను, ఈ ఏడాది స్కాలర్‌షిప్పుల గడువు దగ్గర పడింది అన్నాడు.

ఆ తరువాత ఎదురుచూపులు. పాపను క్లాసులకు రమ్మని నేను బతిమాలాను. స్కాలర్‌షిప్ వచ్చేదాకా రానని పాప అంది. తల్లి కూడా, "ఖాయమైనాక వస్తాది లే సారూ, రాకపోతే మల్లా దానికి రెండోసారి మానుకునే బాధ ఏంటికి?" అంది. అందులో న్యాయముంది. నోట్సులు నేనే తీసుకెళ్లి కొట్టు దగ్గర ఇచ్చేవాణ్ణి. ఆ వంకతో రొట్టెలు తినడం అలవాటైంది. ప్లాట్ల ఫోన్లు వస్తే ఎత్తేవాణ్ణి కాదు. ఎత్తితే పళ్లెంలో రొట్టె మాయమవుతుందని నాకు తెలుసు.

ఇప్పుడు ఆ పాప యాడికి దగ్గర ఒక స్కూల్లో లెక్కల టీచరు. తల్లి కొట్టు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, మళ్లీ గొర్రెలు పెట్టిందని విన్నాను. రెండు మూడేళ్లుగా చూడలేదు. ఆమెను తలచుకుంటే నా కళ్లముందు నిలిచేది ఒక సాయంత్రం.

ఇనుప సామాన్ల దుకాణాలు మూసే వేళ. కొట్టు ముందు జనం బాగా ఉన్నారు. రెండు పొయ్యిలూ మండుతున్నాయి. ఒకదాని ముందు తల్లి, ఇంకోదాని ముందు పాప. నేను ఆ వారం నోట్సులు పట్టుకుని నిలబడ్డాను. పాప ఫోన్ మోగింది. పిండి చేతులతోనే తీసి చూసింది. చూసి, కదలకుండా ఉండిపోయింది. పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది.

"ఏమే, రొట్టె!" అని తల్లి కసిరింది.

"మ్మా, వచ్చినాది. స్కాలర్షిప్పు. సార్ వాళ్ల కాలేజీ పేరు మీద వచ్చినాది."

పాప ఫోన్ నాకు ఇచ్చింది. చదివాను. మళ్లీ ఒకసారి చదివి, "వచ్చిందమ్మా," అన్నాను. 

తల్లి తట్టడం ఆపలేదు. చేతిలో ఉన్న రొట్టె పూర్తిచేసి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్దింది. అప్పుడు కూతురి వైపు తిరిగింది.

"ఇంకా ఆడే కూర్చోనుండావేమే? లెయ్. చేతులు కడుక్కో. రేపు కాలేజీ ఉండాది. పో, ఇంటికి పోయి చదువుకో పో."

"ఇంతమంది ఉండారు గదమ్మా, ఈ రొట్టెలన్నీ..."

"నేను చూసుకుంటాలే. నువ్వు లెయ్."

పాప లేచింది. చేతులు కడుక్కుని, నా దగ్గర నోట్సులు తీసుకుని, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ చీకటి పడుతున్న సందులోకి వెళ్లిపోయింది. రెండో పొయ్యి దగ్గర ఎవరూ లేరు. మాడిన రొట్టె పొగలు కక్కుతోంది. జనం ఎదురుచూస్తున్నారు. ఆమె ఒకసారి ఆ పొయ్యి వైపు చూసి, ఒకసారి నా వైపు చూసింది.

"ఏమప్పా సారూ, నా చేతికింద మనిషిని తోలిస్తివి. నిలబడి చూస్తాండావేమి? ఆ మాడింది తీసి పారేయ్. ఆ పిండి ఇట్ల జరుపు."

చొక్కా చేతులు మడుచుకుని, పాప లేచిన పీట మీద కూర్చున్నాను.